సరి పేజీలు లేని పుస్తకం

కొలిమిలోకి చూసే కెమెరా అంటే మీలో చాలామందికి కొత్తగానే ఉంటుంది. అది మనిషి చెయ్యి కంటే కొంచెం పొడుగున్న ఉక్కు గొట్టం. దాని కొసన శనగగింజంత అద్దం. గొట్టం గోడల మధ్య నీళ్ళు తిరుగుతూ ఉంటాయి, అద్దం ముందు గాలి వీస్తూ ఉంటుంది. అందువల్ల అది కొలిమి గోడలోంచి తల లోపలికి పెట్టి, ఇనుము ఎర్రబడే వేడిలో కూర్చుని కూడా కాలిపోకుండా బొమ్మ పంపుతుంది. నిప్పుల్లో వేసినా వెంట్రుక కమలని భక్తుల కథలు వింటూ పెరిగినవాణ్ణి నేను. మొదటిసారి ఆ తెర మీద కొలిమి లోపలి బొమ్మ చూసినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు.

నేను పని చేసింది జంషెడ్‌పూర్‌లో పెద్ద కంపెనీలో కాదు. దాని చుట్టూ బతికే చిన్న రోలింగ్ మిల్లుల్లో ఒకదానిలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. మా పేట భాలుబాసాలో శనివారం సాయంత్రాలు పారాయణ గోష్ఠి జరుగుతుంది. దానికి వచ్చే కుర్రాళ్ళలో సగంమంది ప్లాంట్లలో పనిచేసేవాళ్ళే. "ఫోన్‌లో దొరకని మాన్యువల్ ఏముంటుంది అంకుల్" అంటారు. ఉంటుంది నాయనా. దాని కోసం ఒక మనిషి రెండు కళ్ళూ తాకట్టు పెట్టాల్సిన పరిస్థితి కూడా ఉంటుంది. అది మీకు చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆ మనిషి మా బావ. నిజానికి మాకు చుట్టరికం లేదు. వాళ్ళ తాతదీ మా తాతదీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళు, అంతే. ఈ ఊళ్ళో ఆ మాత్రం చాలు బావలం కావడానికి. అతను కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. మా మిల్లు కెమెరా పాడైపోయి, దాన్ని తీసి పక్కన పడేశాక, కొలిమి లోపల ఏం జరుగుతోందో చూడటం అతని పని. కొలిమి గోడకి చిన్న కన్నం ఉంటుంది, దానికి ఇనప మూత. మూత తీసి, నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని, లోపల ఇనప కడ్డీలు వరసగా నడుస్తున్నాయా, అడ్డం తిరిగాయా అని చూడాలి. తేడా ఉంటే విజిల్ వెయ్యాలి. మళ్ళీ కాసేపటికి మళ్ళీ చూడాలి. షిఫ్టంతా అదే.

అప్పటికే ఒక కంటికి శుక్లం ఆపరేషనైంది. రెండోది మసకేస్తోంది. మాంగో అనే పేటలో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. బయటికొచ్చాక అడిగాను.

"డాట్రు ఏటన్నాడు?"

"మంటేపు సూడొద్దన్నాడు."

"నువ్వేటన్నావు?"

"నాకు కూలిచ్చేదే మంట సూడ్డానికి బాబూ అన్నాను. నవ్వినాడు."

"నవ్వేదేటి అందులో?"

"మరేటి సేత్తాడు? ఆడూ కూలోడే."

ఈ సంగతి మిల్లులో తెలిస్తే అన్‌ఫిట్ అని పంపించేస్తారు. కాంట్రాక్టు మనిషికి తేలిక పని ఇచ్చేవాళ్ళెవరూ లేరు. అతని పెన్షన్‌కి ఇంకా మూడేళ్ళుంది. కెమెరా మళ్ళీ పనిచేస్తే మాత్రం అదే పని, అదే కూలీ, కానీ ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని తెర చూడటం. అందుకని నేను ఆ కెమెరా వెంటపడ్డాను. అది భగవంతుడు నాకు అప్పగించిన పని అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ సంవత్సరం మిల్లుకి పెద్ద షట్‌డౌన్ ఇచ్చారు. కొలిమి చల్లార్చి ఇటుకలు మార్చే పని. కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒక తెలుగు అమ్మాయి. ఈ ఊళ్ళోనే, సోనారీలో పుట్టి పెరిగింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది, కానీ మనసు మంచిది, బుర్ర పదునైనది. కెమెరాలో కాలిపోయిన ఎలక్ట్రానిక్ కార్డుని ఆమె ఎవరికో పంపి బాగుచేయించింది. బిగుసుకుపోయిన మోటారుని నేను విప్పి శుభ్రం చేశాను. బల్ల మీద పెట్టి చూస్తే బొమ్మ వచ్చింది. మా మేనేజరు వచ్చి చూసి, "షట్‌డౌన్ అయ్యేలోగా కొలిమికి పెట్టండి. లేదంటే స్క్రాపులో రాసేస్తాను, నా స్టోర్‌లో చోటు లేదు" అన్నాడు.

పెట్టడం ఎలాగో పుస్తకం చూడాలి. ఆ కెమెరాని లోపలికి పంపడం బల్బు బిగించినట్టు కాదు. దాని గొట్టంలో తిరిగేవి నీళ్ళు. మండే కొలిమిలో నీళ్ళు కారితే ఒక్కసారిగా ఆవిరై, దగ్గరున్న కన్నంలోంచి బయటికి తన్నుతుంది. అక్కడ ఎవరి ముఖం ఉంటే వాళ్ళ ముఖం మీదికి. అందుకే కంపెనీవాళ్ళు లావుపాటి మాన్యువల్ ఇస్తారు.

అల్మరా అంతా వెతికాం. లేదు. రెండో రోజు టీ దగ్గర మా ఫోర్‌మన్ నన్ను పక్కకి పిలిచాడు. బీహార్ మనిషి, వయసులో నాకంటే పెద్ద, పూజా పునస్కారం లేకుండా పచ్చి నీళ్ళు ముట్టడు.

"భాయీ, ఆ పుస్తకం వెతక్కండి."

"ఎందుకు?"

"అది విశ్వకర్మ భగవాన్ దగ్గరుంది."

మా ఊళ్ళో విశ్వకర్మ పూజ ఎలా చేస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ప్రతి వర్క్‌షాపులోనూ మట్టి విగ్రహం, స్పానర్లకీ మీటర్లకీ బొట్టు, ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. ఒక ఏడాది ఈయనకి ఒక ఆలోచన వచ్చిందట. అన్ని పనిముట్లకీ పూజ జరుగుతోంది, పుస్తకం మాత్రం ఏం పాపం చేసింది అని. మాన్యువల్ తీసి, ఎర్ర గుడ్డలో చుట్టి, దేవుడి పాదాల కింద పీట మీద పెట్టాడు. మర్నాడు కుర్రాళ్ళు విగ్రహాన్ని పీటతో సహా తాళ్ళు కట్టి లారీ ఎక్కించారు. డోళ్ళు, జైజైలు, సువర్ణరేఖ నదిలో నిమజ్జనం. పుస్తకం గుడ్డలోనే ఉంది. పీట తిరిగొచ్చాక చూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

"ఇన్నాళ్ళయింది, భగవంతుడు ఈపాటికి చదవడం పూర్తిచేసి ఉంటాడు" అన్నాను.

"తిట్టండి, తిట్టండి" అన్నాడు తల దించుకుని.

నేను తిట్టలేదు. ఎలా తిట్టను? మా గోష్ఠిలోనే ఎన్ని ఇళ్ళు చూశాను. పట్టుబట్టలో చుట్టిన గ్రంథం పూజగదిలో ఉంటుంది, రోజూ పువ్వు పెడతారు, ఏళ్ళ తరబడి విప్పరు. విప్పితే మొదటి రెండు ఆకులకి తప్ప మిగతా వాటికి పసుపు అంటి ఉండదు. పుస్తకానికి చేసే పూజ చదవడమే అని మా గోష్ఠి పెద్దాయన చెప్పేవారు. ఫోర్‌మన్ ఆ పాపం ఒక్కరోజే చేశాడు. మనం నిత్యం చేస్తున్నాం.

సరే, వెతుకులాట మొదలైంది. ఇంజినీరు అమ్మాయి రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అంకుల్, సబ్ దేఖ్ లియా. బ్రోషర్ హై, మాన్యువల్ నహీ హై."

బ్రోషర్ అంటే నాలుగు రంగుల బొమ్మలు, కెమెరా ఎంత గొప్పదో చెప్పే నాలుగు మాటలు. ఫలశ్రుతి ఉంది, గ్రంథం లేదన్నమాట. కెమెరా తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. దాన్ని ఇంకో విదేశీ కంపెనీ కొనేసింది. వాళ్ళకి "మాన్యువల్ పంపండి" అని రాస్తే, ఆ మోడల్ ఆపేశాం, కొత్త మోడల్ కొనండి, మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తాడు అని జవాబొచ్చింది. ప్రతినిధి నిజంగానే ఫోన్ చేశాడు. అతను చెప్పిన ధర విని మేనేజరు నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

జుగ్సలాయిలో పాత ప్లాంట్ల సామాను విప్పి అమ్మే గోదాముల్లో పుస్తకాలు కూడా దొరుకుతాయని ఎవరో అంటే అక్కడికీ వెళ్ళాను. ఆ వర్తకుడు కెమెరా ఫొటో చూసి, "పుస్తకం లేదు గానీ, ఆ గొట్టం స్టెయిన్‌లెస్సేనా? ఎంతకిస్తారు?" అన్నాడు. పుస్తకం కొనడానికి వెళ్తే కెమెరాకి బేరం పెట్టాడు. టీ తాగించాడు, అది మాత్రం చెప్పాలి.

చివరికి గోష్ఠిలో ఒకాయన చెప్పాడు, ఒడిశా సరిహద్దు అవతల ఒక మిల్లులో వాళ్ళ తమ్ముడు పనిచేస్తాడని, అక్కడ కూడా ఇలాంటి కెమెరా ఒకప్పుడు ఉండేదని. వాళ్ళు ఆ కెమెరా ఎప్పుడో అమ్మేశారు, కాగితాలు మాత్రం ఉన్నాయట. వారపు సెలవు రోజున ప్యాసింజర్ ఎక్కాను. బావ కూడా వచ్చాడు. "నా కళ్ళ పని కదా, నానేల రాను" అన్నాడు.

అక్కడి స్టోర్‌లో గుమాస్తా దుమ్ము దులిపి ఒక ఫైలు ఇచ్చాడు. పైన కెమెరా పేరు, మోడల్ నంబరు, అన్నీ అవే. జెరాక్స్ కాపీ. తీసుకెళ్ళండి, మాకెందుకు అన్నాడు. నేను ఫైలుని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తెరిచాను. బావ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప కలుపుకుని తింటున్నాడు.

"ఏటి బావా, మొగం అలా పెట్టినావు?"

"సగమే ఉంది."

"సగమేటి? ఇటికంత లావుంది."

"బేసి పేజీలే ఉన్నాయి. ఒకటి, మూడు, ఐదు. జెరాక్స్ తీసినోడు కాయితం ఒక పక్కే తీసినాడు. తిరగెయ్యలేదు."

"బాగా సూడు. ఎనకాల పెట్టినాడేమో."

వెనకాల ఏమీ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క సరి పేజీ లేదు. ఇంకొకటి కూడా అప్పుడే చూశాను. మొదటి పేజీ మూల మీద మసగ్గా ఒక రబ్బరు ముద్ర. అది మా మిల్లుది. మా సెక్షన్‌ది.

"ఇది మన పుస్తకమే" అన్నాను. "ఎప్పుడో మన దగ్గరకొచ్చి జెరాక్స్ తీసుకెళ్ళారు. ఏట్లో పోయిన దాని నీడ ఇది."

బావ మరమరాలు నమలడం ఆపాడు.

"అంటే మనింటికే మనం సుట్టాలుగా ఎల్లొచ్చినాం."

ఇద్దరం నవ్వాం. ఎదురు సీట్లో ఒడియా ముసలమ్మ మా ఇద్దరినీ చూసి తనూ నవ్వింది. నవ్వు ఆగాక మళ్ళీ పేజీలు తిరగేశాను. నాకు కావలసిన భాగం నలభై ఒకటో పేజీ చివర మొదలవుతోంది. 'కెమెరాను కొలిమిలో ప్రవేశపెట్టు విధానం.' మొదటి మెట్టు, రెండో మెట్టు. అవి కరెంటు ఆపడం, కొలిమి గోడకి బిగించే ఫ్లాంజి బోల్టులు చూసుకోవడం. తర్వాత నలభై మూడో పేజీ. దాని మొదటి మాట ఆరో మెట్టు: ఇప్పుడు కెమెరాను నెమ్మదిగా లోపలికి తోయండి. మధ్యలో మూడు, నాలుగు, ఐదు లేవు.

మీకు మా గోష్ఠి పద్ధతి ఒకటి చెప్పాలి. పాత గ్రంథాల్లో పురుగు కొట్టేసిన చోటు, చిరిగిన చోటు ఉంటాయి. చదివేవాడు అక్కడికి వచ్చేసరికి ఆగి, పైకి "గ్రంథపాతం" అని చెప్పాలి. అంటే ఇక్కడ మూలం పడిపోయింది అని. వెనకా ముందూ చూస్తే ఏముండాలో తెలిసిపోతూనే ఉంటుంది, ఛందస్సు కూడా నోటికి వచ్చేస్తుంది. అయినా నోరు మూసుకోవాలి. సొంత మాట అతికించి చదివితే వినేవాడు దాన్నే భగవంతుడి మాట అనుకుంటాడు. గోష్ఠిలో చేరిన కొత్తలో ఒకసారి నేను తెలివిగా ఒక పాదం పూరించి చదివితే, పెద్దాయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని పక్కవాడికి ఇచ్చారు. ఆ పక్కవాడు నాకంటే అధ్వాన్నంగా చదివేవాడు.

షట్‌డౌన్ ముగిసి కొలిమి వెలిగించే ముందు రోజు అందరం దాని దగ్గర చేరాం. మేనేజరు, ఇంజినీరు, ఫోర్‌మన్, నేను. బావ కొంచెం దూరంగా నిలబడ్డాడు. కెమెరా బల్ల మీద ఉంది. ఇంజినీరు అమ్మాయి ఒక కాగితం మీద మూడు మెట్లు రాసుకొచ్చింది: నీళ్ళు వదలాలి, గాలి వదలాలి, కరెంటు ఇచ్చి బొమ్మ చూసుకోవాలి.

"అంకుల్, ఇంతకంటే ఏముంటుంది? నైంటీ పర్సెంట్ ఇదే అయ్యుంటుంది" అంది. తెలుగులోనే అంది. పెద్ద విషయమైతే తెలుగులోకి వచ్చేది.

"మిగతా పది ఎవరి మొహం మీద పడుతుంది మేడమ్?"

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆ పిల్లలో నాకు నచ్చిన గుణం అదే. మేనేజరుకి మాత్రం ఓపిక అయిపోయింది. రేపు కొలిమి వెలుగుతుంది, పెట్టేవాడివి నువ్వు, పెడతావా లేదా, ఒక్కమాట చెప్పు అన్నాడు హిందీలో.

"పెట్టను సార్. నాకు మూడు మెట్లు తెలియవు."

"దేవుణ్ణి కళ్ళు మూసుకుని నమ్ముతావు. ఇంజినీరు మాట నమ్మవా?"

"దేవుడి గురించి కూడా పుస్తకం చూసే నమ్మాను సార్."

ఫోర్‌మన్ దగ్గాడు. మేనేజరు నెలాఖరున మిల్లు ఒక రోజు ఆపే డౌన్ డే దాకా టైమిస్తున్నానని, ఆ రోజుకి తేలకపోతే జుగ్సలాయి లారీ ఎక్కిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగితే బావ నిలబడి ఉన్నాడు.

"నువ్వే ఆపేసినావా?"

"బావా, విను..."

"ఆ ఇంజినీరు గుంట పెడతానంది. మేనేజరు పెట్టమన్నాడు. నువ్వు వద్దన్నావు."

"కెమెరా కుదిరేదాకా కన్నం దగ్గరుండేది నువ్వే. నీళ్ళు కారితే ముందు నీ మీదే..."

"కారితే ఒక్కరోజు పోతాను. కారకపోతే రోజూ పోతన్నాను కదేటి?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నీ దేముడు పుస్తకంలో ఉన్నాడు బావా. నా దేముడు ఆ కన్నంలో ఉన్నాడు. ఎవులి దేముడు ఆలకి."

ఆ తర్వాత అతను నాతో టిఫిను పంచుకోవడం మానేశాడు. కొలిమి వెలిగింది. నేను ఎటు వెళ్ళినా ఆ కన్నం దగ్గర అతని వీపు కనిపించేది. మూత తీస్తాడు, నీలం అద్దం పెడతాడు, చూస్తాడు, మూస్తాడు, తువ్వాలుతో కన్ను తుడుచుకుంటాడు. తుడుచుకున్న ప్రతిసారీ అది నా లెక్కలోనే పడుతున్నట్టుండేది. మంచి పని చేశానని ధైర్యంగా ఉండాలి కదా, ఉండలేకపోయాను. నా పట్టుదలకి ఖరీదు ఇంకొకడు కడుతున్నాడు. గోష్ఠిలో కూర్చున్నా నా చెవికి ఏదీ ఎక్కలేదు.

ఒక శనివారం అక్కడే తోవ దొరికింది. ఎవరో కొత్తాయన లేచి, "ఈ అధ్యాయం నాకు అర్థం కాలేదు, చెప్పండి" అన్నాడు. పెద్దాయన పలకలేదు. ఆయన ఎప్పుడూ అంతే. కాసేపటికి ఇంకొకాయన, "మూడో పాదంలో ఈ మాట దగ్గర నాకు ముడి పడింది, ముందున్నది తెలిసింది, వెనకున్నది తెలిసింది" అన్నాడు. పెద్దాయన వెంటనే ముందుకు వంగి అరగంట చెప్పారు. నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం తొడ మీద ఎవరో చరిచినట్టయింది. మేం ఆ విదేశీ కంపెనీని ఏమని అడిగాం? మాన్యువల్ పంపండి అని. అధ్యాయం మొత్తం అర్థం కాలేదన్నవాడికి ఎవరు జవాబిస్తారు?

సోమవారం పొద్దున్నే ఇంజినీరు అమ్మాయి టేబిల్ దగ్గర నిలబడ్డాను.

"మేడమ్, ఇంకో మెయిలు రాయాలి. పుస్తకం అడగొద్దు. నలభై ఒకటో పేజీ ఫొటో, నలభై మూడో పేజీ ఫొటో పెట్టండి. ఈ రెండింటి మధ్య మూడు మెట్లు కావాలని అడగండి. కెమెరా వెనక చెక్కిన నంబరు పెట్టండి. ఇది చాలాకాలం బయట పడి ఉందని కూడా రాయండి."

ఆమె రాస్తూ రాస్తూ ఆగింది. "సేల్స్ వాళ్ళకి కాదు అంకుల్. ఇస్ బార్ సర్వీస్ వాళ్ళకి పంపుదాం. పాత మెషీన్లు రిపేరు చేసేవాళ్ళు వేరే ఉంటారు." ఆ మాట నాకు తట్టేది కాదు. చివర్లో తనే ఇంకొక వాక్యం చేర్చింది: కెమెరా లేనందువల్ల మా దగ్గర ఒక మనిషి రోజూ కొలిమిలోకి కళ్ళతో చూస్తున్నాడు అని. బావ గురించి నేను ఆమెకి ఏమీ చెప్పలేదు. ఆమె కూడా తువ్వాలు చూసిందని అప్పుడు తెలిసింది.

జవాబు వారంలోపే వచ్చింది. అక్కడ సర్వీసులో ఒక పాత మనిషి ఉన్నాడట. కంపెనీ చేతులు మారినప్పుడు తన పాత ఫైళ్ళు పారెయ్యనివ్వలేదట. అతను నలభై రెండో పేజీ పంపించాడు. ఒకే ఒక్క పేజీ. ఫోర్‌మన్ దాన్ని ప్రింటు తీసి రెండు చేతులతో పట్టుకొచ్చాడు. "ముందు మీరు చదవండి, భగవంతుడికి తర్వాత చూపిద్దాం" అన్నాడు.

మూడో మెట్టు: కెమెరా చాలాకాలం వాడకుండా ఉంటే గొట్టం ముక్కు దగ్గరి రబ్బరు రింగులు రెండూ తప్పక మార్చాలి. నాలుగు: బయటే, బల్ల మీదే, నీళ్ళు పోయే దారి మూసి, లోపల నీటి ఒత్తిడి నిలిపి ఉంచాలి. ఒక్క చుక్క కనిపించినా కొలిమిలో పెట్టరాదు. ఐదు: ముందు గాలి, ఆ తర్వాతే నీళ్ళు. తీసేటప్పుడు గాలి చివర ఆపాలి.

మేం ఊహించిన మూడింటిలో రింగులు లేవు. బల్ల మీద పరీక్ష లేదు. మిగిలిన వరస కూడా తిరగబడి ఉంది.

రింగుల కొలతలు ఆ పేజీలోనే ఉన్నాయి. తెప్పించాం, మార్చాం, డౌన్ డే రోజున కెమెరా లోపలికి వెళ్ళింది. నేను రిటైరయ్యే రోజుకి కూడా అది అక్కడే ఉంది. ఫోర్‌మన్ తెర మీద కొలిమి చూసి నాలాగే దణ్ణం పెట్టాడు. అదంతా మామూలే. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ రోజు గురించి కాదు, రింగులు రావడానికి ముందు రోజు గురించి.

ఆ రోజు మధ్యాహ్నం ఇంజినీరు అమ్మాయి, "రింగులు రేపు డౌన్ డేకి వచ్చేస్తాయి కదా, ఈలోగా పాతవాటితోనే ఒకసారి టెస్ట్ చేద్దాం అంకుల్. మనం అప్పుడు పెట్టేసి ఉంటే ఏమయ్యేదో చూద్దాం" అంది. రింగులు పైకి నున్నగా, నల్లగా బాగానే ఉన్నాయి. కెమెరాని బల్ల మీద రెండు దిమ్మల మధ్య పెట్టి, ఒక దారి మూసి, పైపు తగిలించి నీళ్ళు వదిలాం. ఒత్తిడి మీటరు ముల్లు పైకి లేచి నిలబడింది. మేనేజరు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ కాలేదు. నేను లోపల నారాయణ స్మరణ చేసుకుంటున్నాను, కానీ ఏం కోరుకోవాలో తెలియలేదు. చుక్క పడాలనా, పడకూడదనా?

గొట్టం ముక్కు కింద తడి మెరిసింది. మెరిసి, లావై, నేల మీద పడింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి ధారగా కట్టింది.

మేనేజరు చేతులు విప్పి నా భుజం మీద ఒకసారి వేసి, వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి జేబులోంచి మడిచిన కాగితం తీసి, చూసి, చింపింది.

అప్పుడు బావ వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. మెడలో తువ్వాలు, కళ్ళు ఎర్రగా. నా వైపు చూడలేదు. బల్ల ముందు గొంతుక్కూర్చుని ఆ నీళ్ళని చూశాడు.

"ఇదెక్కడ పడును?"

"లోపల. నీ కన్నానికి ఇటు పక్కనే."

అతను దోసిలి పట్టాడు. అందులో నీళ్ళు చేరనిచ్చాడు. తీర్థం పుచ్చుకున్నట్టు రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

"ఒరే బావా, ఒగ్గెయ్యి. అయి మిల్లు నీళ్ళు, మందు కలుపుతారు. కళ్ళు మండుతాయి."

"మండనీ" అన్నాడు, తువ్వాలుతో తుడుచుకోకుండానే. "రేపట్నుంచి ఇంకేటి మండుద్ది."